ఒక పన్ను తేడాగా ఉంటే మిగతావన్నీ లెక్కపెట్టండి

(నల్లగొండ జిల్లాలో ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, తల్లిదండ్రులు హాజరైన ఒక సభలో పిల్లల దంత వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పిల్లల పళ్ల గురించి ఎవరైనా మాట్లాడతారంటే పిప్పి పళ్ల గురించి, చాక్లెట్ల గురించి, రెండు పూటలా తోముకోవడం గురించి చెబుతారని మీరు ఎదురుచూడడం సహజం. ఆ మాటలు అవసరమే, వాటిని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఈ రోజు నేను మీ ముందుంచుతున్నది అంతగా ఎవరూ మాట్లాడని సంగతి. పిల్లకు పిప్పి పన్ను ఒక్కటీ లేదు, చిగుళ్ల వాపు లేదు, అన్నం చక్కగా తింటుంది, బడిలో చురుగ్గా ఉంటుంది, ఎత్తూ బరువూ వయసుకు తగ్గట్టే ఉన్నాయి. అయినా నోరు తెరిపించి చూస్తే ఒక పన్ను అసలు రాలేదు, ఒకటి సన్నగా మొనదేలి వచ్చింది, ఒకటి పక్కవాటికంటే లోతుగా కుంగిపోయి ఉంది, మరొకటి తన చోటు వదిలి అంగిలి వైపు మళ్లింది. ఇలా ఒకే నోట్లో నాలుగైదు తేడాలు బయటపడినప్పుడు తల్లిదండ్రులకు రెండు భయాలు పట్టుకుంటాయి. పిల్ల ఒంట్లో ఏదో పెద్ద జబ్బు దాగి ఉందేమోనని ఒకటి, తాము చేసిన పొరపాటు వల్లే ఇలా అయిందేమోనని మరొకటి. ఎక్కువ మంది పిల్లల విషయంలో ఈ రెండూ నిజం కావు. అయితే ఆ మాట అనే ముందు వైద్యులు చేయవలసిన పని చాలా ఉంది. ఆ పని ఏమిటో, అందులో మీరు చేయగలిగింది ఏమిటో చెప్పడానికే వచ్చాను.

ఒక అమ్మాయి నోటిని ఉదాహరణగా తీసుకుంటాను. పేరు, ఊరు చెప్పను. వయసు తొమ్మిదేళ్లు. పై ముందు పళ్ల మధ్య సందులు చూసి తల్లి తీసుకొచ్చింది. పైన నడిమి రెండు పళ్లూ బాగానే వచ్చాయి. వాటికి కుడి పక్కన రావలసిన పన్ను చిగురు దగ్గర కాస్త వెడల్పుగా మొదలై, కొసకు వచ్చేసరికి పుల్లలా సన్నబడింది. ఎడమవైపు దాని జోడు అసలు రాలేదు. అక్కడి పాల పన్ను ఊడి ఏడాది దాటినా చిగురు చదునుగానే ఉంది. "కొందరికి ఆలస్యంగా వస్తాయిలే" అని నాయనమ్మ ఇంట్లో సర్దిచెప్పిందట. తల్లి మాత్రం కూర్చున్న వెంటనే "మా ఊరి నీళ్ల వల్లేనా మేడం?" అని అడిగింది. ఈ జిల్లాలో ఆ ప్రశ్న ఎందుకు వస్తుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రశ్నకు జవాబు కాసేపట్లో చెబుతాను.

ముందు పళ్ల కోసం వచ్చిన పిల్లకు ముందు పళ్లు మాత్రమే చూసి పంపిస్తే సగం చూడనట్టే. కింది వరుసలో ఎడమవైపు చివరి పాల దవడ పన్ను పక్క పళ్ల మట్టానికి సుమారు రెండు మిల్లీమీటర్లు దిగువన ఉంది. నోటి అద్దం పిడితో దాని మీద మెల్లగా తట్టితే గట్టిగా, తేటగా ఒక మోత వినిపించింది. పక్క పన్ను మీద తట్టితే ఆ మోత మందంగా ఉంది. మామూలుగా పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య మెత్తని పొర ఒకటి ఉంటుంది. ఆ పొర కొంత మేర లేకుండా పోయి పన్ను నేరుగా ఎముకకు అతుక్కుపోయినప్పుడు మోత అలా మారుతుంది. చుట్టూ దవడ పెరుగుతూ మిగతా పళ్లు పైకి లేస్తుంటే, అతుక్కున్న పన్ను మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. చూసేవాళ్లకు అది కుంగిపోయినట్టు కనిపిస్తుంది.

పై కుడివైపు చివరి పాల దవడ పన్ను ఏడో ఏటే ఊడిపోయిందని తల్లి గుర్తుచేసుకుంది. మామూలుగా అది పదేళ్లు దాటాక ఊడవలసిన పన్ను. పుచ్చిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. ఆరేళ్ల వయసులో దాని వెనక వచ్చే పెద్ద దవడ పన్ను నిటారుగా దిగకుండా ముందుకు వాలి, పాల పన్ను వేరును ఒరుసుకుని కరిగించేసింది. అప్పుడు ఎవరూ దాన్ని లక్షణంగా గమనించలేదు, గమనించకపోవడంలో ఆశ్చర్యమూ లేదు, ఎందుకంటే పాల పన్ను ఊడితే ఇంట్లో సంతోషిస్తారు గాని అనుమానించరు. ఆ తర్వాత పై పెదవి ఎత్తి, చిగురు మీద వేలితో తడిమి చూశాను. తొమ్మిది, పదేళ్ల మధ్య ఆ చోట కోర పన్ను తాలూకు ఉబ్బు వేలికి తగలాలి. ఎడమవైపు తగిలింది. కుడివైపు, అంటే ఆ సన్నని పన్ను ఉన్న వైపు, తగల్లేదు.

రెండు దవడలనూ ఒకే ఫిల్ములో చూపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించాం. ఎక్స్‌రే అనగానే తల్లిదండ్రులు వెనకాడతారు కాబట్టి ఒక మాట. ఓపీజీలో పిల్ల ఒంటికి చేరే రేడియేషన్, మనమంతా నేల నుంచి, ఆకాశం నుంచి కొద్ది రోజుల్లో సహజంగా పొందేదానితో సమానం. అవసరం ఉన్నప్పుడు దాన్ని వద్దనుకోవడం వల్లనే నష్టం ఎక్కువ. ఆ ఫిల్ములో పై ఎడమవైపు పక్క పన్నుకు, అంటే నడిమి పన్నును ఆనుకుని రావలసిన పన్నుకు, మొగ్గ లేదు. కింద రెండువైపులా రెండో చిన్న దవడ పళ్ల మొగ్గలు, అంటే చివరి పాల దవడ పళ్లు ఊడాక వాటి చోట రావలసిన వాటి మొగ్గలు, లేవు. అంటే కుంగిపోయిన ఎడమ పాల దవడ పన్ను కింద గానీ, నిటారుగా ఉన్న కుడి పాల దవడ పన్ను కింద గానీ వారసులు లేరు. కుడి కోర పన్ను అంగిలి వైపు వాలి, సన్నని పన్ను వేరు మీదికి అడ్డంగా వస్తోంది.

ఇప్పుడు లెక్క చూడండి. తల్లి తెచ్చింది ఒక సందు కోసం. దొరికినవి: మూడు పళ్లు లేవు, ఒకటి సన్నబడింది, ఒకటి ఎముకకు అతుక్కుంది, ఒకటి అడ్డదారిన వచ్చి పాల పంటిని తినేసింది, ఒకటి అంగిలి వైపు దారి తప్పింది. ఇదంతా ఒక దురదృష్టవంతురాలికి ఏడు వేర్వేరు ప్రమాదాలు జరిగినట్టు కనిపిస్తుంది గాని, అది నిజం కాదు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు చెందిన దంత వైద్య పరిశోధకుడు తిజియానో బచెట్టి 1998లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా ఇలాంటి లోపాలనే తీసుకుని, అవి విడివిడిగా వస్తాయా, కలిసి వస్తాయా అని పరిశీలించారు. రెండో చిన్న దవడ పళ్లు లేకపోవడం, పై పక్క పళ్లు సన్నబడడం, పాల దవడ పళ్లు కుంగడం, ఎనామెల్ అనే పంటి గట్టి పైపొర సరిగా ఏర్పడకపోవడం, ఆరేళ్ల దవడ పన్ను అడ్డంగా రావడం, కోర పన్ను అంగిలి వైపు మళ్లడం, వీటిలో ఒకటి ఉన్న పిల్లల్లో మరొకటి ఉండే అవకాశం మామూలు పిల్లలకంటే స్పష్టంగా ఎక్కువని తేలింది. అదనపు పళ్లు మాత్రం ఈ కుటుంబానికి చెందినవి కావని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. నా మటుకు నాకు పిల్లల దంత వైద్యంలో రోజూ ఇంతగా పనికొచ్చే పరిశోధనలు చాలా తక్కువ. ఎందుకంటే ఈ లోపాల్లో కొన్ని ఆరేళ్లకే కనిపిస్తాయి, కొన్ని పదకొండేళ్లకు గాని బయటపడవు. ముందు కనిపించినది తర్వాత రాబోయేదాన్ని సూచిస్తుంది. ఏడో ఏట పుచ్చకుండానే ఊడిన ఆ పాల పన్నును ఎవరైనా చదవగలిగి ఉంటే, ఈ పిల్ల రెండేళ్ల ముందే మా దగ్గరికి వచ్చేది.

ఒకవైపు పన్ను సన్నబడి, రెండోవైపు అసలు లేకపోవడం చాలామందికి వింతగా తోస్తుంది. 1984లో బ్రిటన్‌కు చెందిన అలన్ బ్రూక్ దీనికి మంచి వివరణ ఇచ్చారు. పళ్ల పరిమాణం కూడా మనుషుల ఎత్తులాగే చాలా చిన్నది మొదలు చాలా పెద్దది దాకా ఎక్కడా తెగకుండా సాగే ఒక వరుస. ఆ వరుసలో ఒక హద్దు ఉంది. పంటి మొగ్గ ఆ హద్దుకంటే చిన్నదైతే అది పన్నుగా ఎదగదు. అంటే సన్నని పన్ను, లేని పన్ను రెండూ ఒకే ధోరణి. ఒకటి హద్దుకు కొంచెం ఇవతల ఆగింది, రెండోది అవతల పడింది. ఆడపిల్లల్లో ఈ వరుస చిన్న వైపు కొంచెం ఎక్కువ మొగ్గడం, మగపిల్లల్లో పెద్ద వైపు, అదనపు పళ్ల వైపు మొగ్గడం కూడా ఈ లెక్కకు సరిపోతుంది. ఒక్కో రకం పళ్లలో చివరగా ఏర్పడేవే ఎక్కువగా దెబ్బతింటాయి. ముందు పళ్లలో పక్క పన్ను, చిన్న దవడ పళ్లలో రెండోది, పెద్ద దవడ పళ్లలో జ్ఞాన దంతం. జ్ఞాన దంతాలను పక్కన పెడితే, ఒకటో రెండో శాశ్వత దంతాలు లేనివారు దేశాన్ని బట్టి, జనాన్ని బట్టి నూటికి ఇద్దరి నుంచి పది మంది దాకా ఉంటారు. ఇది అరుదైన సంగతేమీ కాదు.

కారణం ఎక్కువగా వంశపారంపర్యమే. పంటి మొగ్గ ఎక్కడ పుట్టాలో, ఎప్పుడు పుట్టాలో, ఎంత పెరగాలో నిర్ణయించే జన్యువులు అనేకం ఉన్నాయి. ఎంఎస్ఎక్స్1 అనే జన్యువులో మార్పు వల్ల ఒక కుటుంబంలో పళ్లు లేకుండా పోయాయని 1996లో తేలింది. 2000లో ప్యాక్స్9, ఆ తర్వాత ఆక్సిన్2, డబ్ల్యుఎన్‌టి10ఏ జన్యువుల సంగతి బయటపడింది. ఒకే జన్యువు మార్పు ఒక ఇంట్లోనే తండ్రికి ఒక సన్నని పన్నుగా, కూతురికి మూడు లేని పళ్లుగా, కొడుకుకు జ్ఞాన దంతాలు లేకపోవడంగా కనిపించవచ్చు. అందుకే నేను పిల్లతో పాటు ఇంటివాళ్ల నోళ్లు కూడా చూస్తాను, వీలుకాకపోతే పెళ్లి ఫోటోలు తెమ్మంటాను. ఈ అమ్మాయి మేనత్తకు కూడా పై పక్క పళ్లు రెండూ సన్నవే. ఆమె చిన్నప్పటి నుంచి నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేదట. అది పళ్ల వల్లనని ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఇక్కడ తల్లుల కోసం ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్ల నోట్లో ఏ తేడా వచ్చినా కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట బయటికి వెళ్లావనో, కత్తి పట్టావనో తల్లిని నిందించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాల పళ్ల మొగ్గలు గర్భంలో ఆరో వారం ప్రాంతంలో మొదలై, నాలుగో నెల నుంచి గట్టిపడతాయి. కాని ఈ అమ్మాయికి లేని పళ్ల సంగతి వేరు. పై పక్క పన్ను గట్టిపడడం మొదలయ్యేది పిల్ల పుట్టిన పది, పన్నెండు నెలలకు. కింది రెండో చిన్న దవడ పన్ను గట్టిపడేది రెండు, రెండున్నర ఏళ్లకు. ఇవి గట్టిపడే కాలానికి పిల్ల నడక, మాట నేర్చుకుంటోంది. గ్రహణానికీ వీటికీ సంబంధం లేదు. ఆ తల్లికి ఈ మాట చెప్పినప్పుడు పక్కన కూర్చున్న అత్తగారు కూడా వినాలని నేను పట్టుబడతాను.

నీళ్ల ప్రశ్నకు వస్తాను. ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినడాన్ని మన దేశంలో మొదట విస్తృతంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ ప్రాంతంలో చాలా భాగం ఆ తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. నల్లగొండ అనుభవించినదాన్ని మీకు నేను చెప్పడం బాగుండదు. సున్నం, పటిక కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. ఎనామెల్ ఏర్పడే ఏళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద తెల్లని అడ్డగీతలు, మచ్చలు, తీవ్రమైతే గోధుమరంగు మరకలు, గుంటలు వస్తాయి. ఇవి ఒకే కాలంలో ఏర్పడిన పళ్ల మీద, కుడి ఎడమల సమానంగా ఉంటాయి. ఫ్లోరైడ్ పళ్ల పైపొరను పాడుచేస్తుందే గాని పంటి మొగ్గను మాయం చేయదు, పన్నును సన్నబరచదు, కోర పన్నును దారి తప్పించదు. ఈ అమ్మాయి నడిమి పళ్ల మీద వెలుతురులో పట్టి చూస్తే సన్నని తెల్లని గీతలు ఉన్నాయి, రెండు పళ్ల మీదా ఒకే ఎత్తులో ఉన్నాయి. అవి నీళ్లవే. మిగతావి నీళ్లవి కావు. ఒకే నోట్లో రెండు కారణాలు పక్కపక్కనే ఉన్నాయి. మన ప్రాంతంలో ఇదే పెద్ద చిక్కు. ప్రతి తేడానూ ఫ్లోరైడ్ ఖాతాలో వేసేస్తాం, దాంతో వంశపారంపర్యమైనవి, చికిత్సకు లొంగేవి కూడా "మా ఊళ్లో అందరికీ ఉన్నదే" అనే మాట కింద మరుగునపడతాయి.

ఒకే ఒక పన్ను మీద మచ్చ లేదా గుంట ఉండి, దాని జోడు శుభ్రంగా ఉంటే అది ఈ రెంటిలో ఏదీ కాదు. బహుశా దాని పైనుండిన పాల పన్ను పుచ్చి చీము పట్టినప్పుడు, కిందనున్న మొగ్గకు ఆ సెగ తగిలి ఉంటుంది. పాల పళ్లే కదా ఎలాగూ ఊడిపోతాయి అనే మాట ఎంత ఖరీదైనదో అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం. "మిగతా విధాల పిల్ల ఆరోగ్యంగా ఉంది" అని రాయడానికి ముందు ఆ మాటను పరీక్షించి సంపాదించుకోవాలి. ఈ అమ్మాయిని చూసినప్పుడు నేను పళ్లు వదిలి మొదట జుట్టు చూశాను, తర్వాత కనుబొమలు, గోళ్లు, అరచేతులు. చెమట పడుతుందా అని అడిగాను. చెమట గ్రంథులు, జుట్టు, గోళ్లు, పళ్లు గర్భంలో ఒకే పైపొర పాలుపంచుకుని తయారయ్యేవి కాబట్టి, ఆ పొరలో లోపం ఉంటే అన్నీ కలిసి దెబ్బతింటాయి. చార్లెస్ డార్విన్ 1875లో సింధ్ ప్రాంతానికి చెందిన ఒక హిందూ కుటుంబం గురించి రాశాడు. నాలుగు తరాల్లో పది మంది మగవాళ్లకు రెండు దవడల్లో కలిపి నాలుగు చిన్న ముందు పళ్లు, ఎనిమిది దవడ పళ్లు మాత్రమే ఉండేవి. ఒంటి మీద వెంట్రుకలు బహు తక్కువ, చిన్న వయసులోనే బట్టతల, ఎండాకాలం వస్తే చర్మం విపరీతంగా పొడిబారి బాధపడేవారు. ఆడపిల్లల్లో ఒక్కరికీ ఆ లోపం కనిపించలేదు. కాని వాళ్ల కొడుకులకు సంక్రమించేది. తల్లి నుంచి కొడుక్కి వచ్చే ఈ జబ్బు మన రాష్ట్రాల్లోనూ ఉంది. ఎండలు నలభై అయిదు డిగ్రీలకు చేరే మే నెలలో, చెమట పట్టని పసివాడికి ఏ ఇన్ఫెక్షనూ లేకుండా జ్వరం వస్తుంది. ఏడాది దాటినా పళ్లు రాని, జుట్టు పలచగా ఉన్న, వేసవిలో పదేపదే కారణం తెలియని జ్వరాలు వచ్చే మగపిల్లవాడు మీ అంగన్‌వాడీలో ఉంటే, దయచేసి ఎండ తగలనీయకండి, పిల్లల వైద్యుడికి చూపించండి. ఆ జాగ్రత్త ప్రాణం కాపాడుతుంది.

మరికొన్ని గుర్తులు త్వరగా చెబుతాను. రెండు భుజాలనూ ఎదురురొమ్ము మీద దాదాపు కలపగలిగే పిల్లకు పాల పళ్లు ఊడకుండా, చిగురులో అదనపు పళ్లు గుంపుగా ఉంటే అది ఎముకల జబ్బు. నాలుగేళ్లలోపే పాల ముందు పళ్లు వేళ్లు అరగకుండా పూర్తి వేరుతో ఊడిపోతే రక్తపరీక్ష చేయించాలి. అరచేతులు, అరికాళ్ల చర్మం మందంగా బిరుసెక్కి, పాల పళ్లన్నీ కదిలి రాలిపోతుంటే అది తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించేది, మేనరికం ఉన్న ఇళ్లలో దానికి ఎక్కువ అవకాశం. పైన రెండు నడిమి పళ్లకు బదులు సరిగ్గా మధ్యలో ఒకే ఒక పన్ను ఉంటే, ముఖం అందంగానే ఉన్నా సరే, ఎదుగుదలను నియంత్రించే గ్రంథుల పరీక్ష తప్పనిసరి. ఆరు, అంతకంటే ఎక్కువ శాశ్వత దంతాలు లేని పిల్లల విషయంలో కుటుంబ చరిత్ర ఇంకా లోతుగా అడగాలి. ఫిన్లండ్‌లో ఒక కుటుంబంలో ఆక్సిన్2 జన్యువు మార్పు వల్ల చాలా పళ్లు లేకపోవడంతో పాటు, పెద్దయ్యాక పెద్దపేగు క్యాన్సర్ కూడా కలిసి వచ్చిందని 2004లో ప్రచురించారు. ఈ మాట విని ఒకటి రెండు పళ్లు లేనివాళ్లు హడలిపోనవసరం లేదు. అది చాలా పళ్లు లేని, ఇంట్లో అలాంటి క్యాన్సర్లు ఉన్న కుటుంబాలకు సంబంధించినది.

మన అమ్మాయికి వీటిలో ఏదీ లేదు. జుట్టు ఒత్తుగా ఉంది, గోళ్లు బాగున్నాయి, ఆటలాడి వస్తే చెమటతో తడిసిపోతుందని తల్లి చెప్పింది. పాల పళ్లు ఇరవై సకాలంలో వచ్చాయి. లేని శాశ్వత దంతాలు మూడే. పిల్లల వైద్యుడు కూడా చూసి, ఏ లోపమూ లేదన్నారు. అప్పుడే ఆ మాట రాశాం.

చికిత్సలో మొదటి సూత్రం తొందరపడి పీకకపోవడం. కింది కుడి పాల దవడ పన్ను కింద వారసుడు లేడు. పన్ను గట్టిగా ఉంది, వేరు బాగుంది. దాన్ని కాపాడుకుంటే ముప్ఫై ఏళ్లు దాటినవారికి కూడా పనిచేసిన సందర్భాలు ఉన్నాయి. "పెద్దదయ్యాక కూడా పాల పన్నేమిటి" అని ఎక్స్‌రే లేకుండా పీకేస్తే అక్కడ మిగిలేది గుంటే. అలాగే, రెండో చిన్న దవడ పళ్లు కొందరు పిల్లల్లో చాలా ఆలస్యంగా, ఎనిమిదేళ్లు దాటాక కూడా ఎక్స్‌రేలో కనబడతాయి. అయిదారేళ్లకే ఓపీజీ చూసి "ఈ పన్ను లేదు" అని తీర్పు చెప్పకూడదు. కుంగిపోయిన ఎడమ పాల పన్నును ఆరు నెలలకోసారి కొలుస్తాం. కొద్దిపాటి కుంగుడైతే ఎదురుచూస్తాం, పక్క పళ్లు దాని మీదికి వాలడం మొదలైతే తీసేస్తాం.

ఆగకూడని పని కోర పన్నుది. కోర పన్ను దిగేటప్పుడు పక్క పన్ను వేరును ఆసరాగా పట్టుకుని వస్తుందని చాలామంది భావిస్తారు. ఆ వేరు పొట్టిదైతే దారి చెడుతుంది. అంగిలి వైపు వెళ్లిన కోర పన్ను పక్క పళ్ల వేళ్లను కరిగించగలదు. స్వీడన్‌కు చెందిన ఎరిక్‌సన్, కురోల్ అనే ఇద్దరు వైద్యులు 1988లో చూపించిందేమిటంటే, పది నుంచి పదమూడేళ్ల పిల్లల్లో సరైన సమయానికి పాల కోర పన్నును మాత్రం తీసేస్తే, అలా దారితప్పిన కోర పళ్లలో 78 శాతం తమంతట తామే సరైన చోటికి వచ్చాయి. ఒక చిన్న పాల పన్ను తీయడం ఎక్కడ, పధ్నాలుగేళ్లకు అంగిలి కోసి, గొలుసు కట్టి ఆ పంటిని ఏడాదికి పైగా లాగడం ఎక్కడ! పదేళ్లు నిండగానే ఈ అమ్మాయికి మేము చేయబోయేది ఆ చిన్న పనే. నాకు ఈ విషయంలో బాధ కలిగేది ఇక్కడే. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ వయసు దాటాకే వస్తారు.

ఆ సన్నని పన్నుకు లోపలివైపు ఒక చిన్న గుంట ఉంది. ఇటువంటి పళ్లలో పైపొర లోపలికి మడత పడి, గుంట ద్వారా క్రిములు నరం దాకా చేరగలవు. పుచ్చు కనిపించకుండానే చీము పడుతుంది. అందుకే ఆ గుంటను మొదటి రోజే సిమెంటుతో మూసేశాం. పన్నుకు పంటి రంగు పదార్థంతో మామూలు ఆకారం ఇవ్వడం ఒక పూట పని. చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు మొదలుకాకముందే అది చేయాలని నా అభిప్రాయం. లేని పన్ను స్థానంలో ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, పెట్టండి అని తండ్రి అడిగాడు. దవడ పెరుగుదల పూర్తిగా ఆగే దాకా, అంటే పద్దెనిమిది, ఇరవై ఏళ్లు దాటే దాకా అది పెట్టకూడదు. ఇంప్లాంట్ ఎముకకు అతుక్కుని ఉంటుంది, పిల్ల పెరిగేకొద్దీ అది కూడా ఆ పాల పన్నులాగే కుంగిపోతుంది. అప్పటిదాకా కోర పన్నును పక్కకు జరిపి ఆ సందు మూయవచ్చా, లేక సందును కాపాడి తాత్కాలిక పన్ను పెట్టాలా అన్నది క్లిప్పులు వేసే నిపుణులతో కలిసి, కోర పళ్లు దిగిన తర్వాత నిర్ణయిస్తాం.

ఇక మీరు చేయగలిగింది. ఉపాధ్యాయులకు, అంగన్‌వాడీ వారికి నా విన్నపం పళ్లు లెక్కపెట్టడం. మూడేళ్ల పిల్లకు పైన పది, కింద పది ఉండాలి. రెండు ముందు పళ్లు కలిసిపోయి ఒకటిగా ఉంటే రాసి పెట్టండి, దాని కింద రావలసిన శాశ్వత దంతం లేకపోయే అవకాశం బాగా ఉంది. ఒకవైపు పన్ను వచ్చి ఆరు నెలలు దాటినా రెండోవైపు జోడు రాకపోతే పంపించండి. పుచ్చకుండా, దెబ్బ తగలకుండా తొందరగా ఊడిన పాల దవడ పన్నును నమోదు చేయండి. పసిపిల్లకు పుట్టుకతోనే పన్ను ఉంటే, లేదా పై పళ్లు ముందు వస్తే మేనమామకు గండమని శాంతులు చేయించే ఇళ్లున్నాయి. శాంతి చేయించుకోనివ్వండి, కాని ఆ పన్నును ఇంట్లో పీకనివ్వకండి. అది చాలాసార్లు తొందరపడి వచ్చిన మామూలు పాల పన్నే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మీ బడికి, అంగన్‌వాడీకి వచ్చే బృందాలకు పళ్ల సమస్యలు చూడడం కూడా పనే, వారికి ఈ పిల్లలను చూపించి జిల్లా కేంద్రానికి పంపించమని అడగండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలల్లోనూ పిల్లల దంత విభాగాలు ఉన్నాయి.

తల్లిదండ్రులకు ఒక్క పని. ఓపీజీ ఫిల్మును గాని, ఫోన్‌లో దాని ఫోటోను గాని జాగ్రత్తగా దాచండి. పదమూడేళ్లకు క్లిప్పులు వేసే వైద్యుడు కోర పన్ను అప్పుడు ఎక్కడ ఉండేదో చూడాలంటే, ఇరవై ఏళ్లకు ఇంప్లాంట్ పెట్టే వైద్యుడు ఎముక ఎలా మారిందో తెలుసుకోవాలంటే, అదొక్కటే ఆధారం. ఆ అమ్మాయికి ఆరేళ్ల తమ్ముడు ఉన్నాడు. వాడి పళ్ల మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. అయినా వచ్చే సెలవుల్లో వాణ్ని కూడా తీసుకురమ్మని చెప్పాను. ఆరేళ్ల దవడ పన్ను ఇప్పుడిప్పుడే దిగే వయసు, అది నిటారుగా వస్తోందో లేదో చూడడానికి సరైన సమయం ఇదే.

మీ ప్రశ్నలు అడగండి.